నకిలీ అన్న మాట

ఫహాహీల్‌లో మనవాళ్ళు తీరికగా కలుసుకునేది శుక్రవారం నాడే. అట్లాంటి ఒక శుక్రవారం కడప జిల్లా డ్రైవరొకాయన మా యింటికి వచ్చి, సంచిలోంచి మాత్రల అట్టలు తీసి బల్లమీద పెట్టాడు. రక్తపోటు మందు, లోసార్టాన్. వూరినుంచి తమ్ముడు తెచ్చినది.

"మన హైదరాబాదు మందులన్నీ నకిలీవంట గదా సార్, రూములో అంటాండారు. పది దినాల నుంచి మానుకున్నా" అన్నాడు.

పోటు చూశాము. 180/110.

మాకు కోపం వచ్చింది. కానీ ఎవరిమీద చూపడం? యీ అనుమానం ఆ రూములో పుట్టింది కాదు.

2008 డిసెంబరులో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ యిదే లోసార్టాన్ ముడిమందును బ్రెజిల్‌కు పంపింది. దారిలో నెదర్లాండ్స్ కస్టమ్స్ వారు సరుకు ఆపేశారు. మందు చెడ్డదని కాదు. ఆ దేశంలో దానిమీద వేరేవారికి పేటెంటు వున్నదని. పంపిన మన దేశంలో గాని, చేరవలసిన బ్రెజిల్‌లో గాని ఆ పేటెంటు లేదు. 36 రోజులు అక్కడే పడివుండి సరుకు వెనక్కి వచ్చింది. 2010 మే నెలలో యిండియా, బ్రెజిల్ రెండూ ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కాయి. 2011లో యూరపు వారు మనవారితో ఒక అవగాహనకు వచ్చారు.

అసలు నకిలీలే లేవని మేము అనడం లేదు. 2009లో నైజీరియాలో పట్టుబడిన దొంగ మలేరియా మాత్రలమీద 'మేడిన్ యిండియా' అని వుంది, తయారైంది చైనాలో. మన ప్రభుత్వం చైనాకు నిరసన తెలిపింది. పేద, మధ్యాదాయ దేశాలలో ప్రతి పది మందులలో ఒకటి నాసిరకమో, నకిలీయో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా కట్టింది. వాటికింద ఆ దేశాలు పోగొట్టుకునేది ఏటా దాదాపు 3 వేల కోట్ల డాలర్లు.

అయితే పేటెంటు తగాదా వేరు, దొంగమందు వేరు. రెంటినీ ఒకే మాటతో పిలిస్తే పేదవాడి చేతిలోని చవక మందు దోషి అవుతుంది. కెన్యాలో 2008 నాటి నకిలీల నిరోధక చట్టం యిట్లాగే జెనెరిక్ మందులకూ చుట్టుకునేటట్టు వుందని ముగ్గురు హెచ్.ఐ.వి. రోగులు కోర్టుకెక్కారు. 2012లో హైకోర్టు వారివైపే తీర్పు చెప్పింది.

కంటితో చూసి అసలుదో నకిలీదో తేల్చడం డాక్టరు వల్ల కూడా కాదు. ల్యాబు చేయవలసిన పని. మేము చూడగలిగినవి చూశాము: బ్యాచి నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ. తమ్ముడు దుకాణం బిల్లు కూడా పంపాడు, అదృష్టం. అవే మాత్రలు మళ్ళీ వేసుకోమన్నాము. మూడు వారాలకు పోటు 136/86కు దిగింది.

ఆ పది దినాలలో తలలో నరం చిట్లివుంటే, ఆ నష్టాన్ని ఏ దేశపు వాణిజ్య లెక్కలో రాసేవారో!

అందుకని ఒక్క మనవి. మందు బిల్లు పారేయకండి. అనుమానం వస్తే మందు మానేముందు, దగ్గరలో వున్న డాక్టరును ఒక్క మాట అడగండి.