డిస్కులో తాతల గొంతు

మా కోయ డోలీలు పడిగె విప్పి పాడిన వేల్పు కథలన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి. పాడిన తాతల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ డిస్కు కాపీ మధ్యలో నిలిచిపోసాగింది. టక్ టక్ మని కొట్టుకుంటే వెంటనే కరెంటు తీసి ల్యాబుకే ఇవ్వాలి, మాది కొట్టుకోలేదు. విండోస్ అడిగిన రిపేరుకు ఒప్పుకోలేదు, అది చెడుతున్న డిస్కు మీదే రాస్తుంది. లినక్సులో డీడీరెస్క్యూ నడిపాం. బాగున్న భాగాలను ముందు కొత్త డిస్కులోకి తెచ్చి, మొండికేసిన చోట్లకు తర్వాత మళ్లీ వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా అక్కణ్ణుంచే మొదలు. మా ఊళ్లో అది చిన్న సంగతి కాదు! మూడు రాత్రులు పట్టింది. ఒక కథలో రెండుచోట్ల తాత గొంతు తెగింది. ఆ ముక్కలు ఆయన మనవడికి వచ్చేమో అడగడానికి రేపు వెళ్తున్నాం.