ఏ కొత్తవలస?

"మీ ఇంటిపేరేటి తల్లీ?"

నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి ముసలమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే. మారిషస్ నుంచి వచ్చినావిడ నా వైపు చూశారు. నేను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ తన పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు చెప్పారు. దాని చివర "గాడు" ఉంది. ముసలమ్మ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "మనిషి పేరు కాదమ్మా, ఇంటిపేరు అడిగాను" అంది.

మారిషస్ ఆవిడ దగ్గర లేనిది అదొక్కటే. మిగతావన్నీ ఉన్నాయి. మా మేనల్లుడు ఉద్యోగానికి వెళ్లి మూడేళ్లు మారిషస్‌లో ఉన్నాడు. ఈవిడ అతని ఇంటి యజమానురాలు, రిటైరైన నర్సు. "మా మావయ్యది విజయనగరం, ఆయన చూపిస్తాడు" అని వాడు నన్ను ఇరికించాడు. ఆవిడ సంచిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన కాగితం ఒకటి. అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పాత వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి, అక్కడ తీయించిన నకలు అది. కూలీ నంబరు. పేరు పైడిగాడు. తండ్రి అప్పిగాడు. వయసు 22. కులం. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. గుర్తు, ఎడమ మోకాలి కింద మచ్చ. ఓడ పేరు. జిల్లా విజగపటం. ఊరు కొత్తవలస.

మోకాలి కింద మచ్చ రాసుకున్నవాడికి ఇంటిపేరు రాసుకోవాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది? చెరకు తోటలోంచి మనిషి పారిపోతే మచ్చ చూసి పట్టుకోవచ్చు, ఎత్తు కొలిచి పట్టుకోవచ్చు. ఇంటిపేరు చూసి ఎవరిని పట్టుకుంటారు? అది పెళ్లి సంబంధానికీ తద్దినానికీ పనికొచ్చేది. 1834లో మొదలై నాలుగున్నర లక్షల మందికి పైగా మన దేశం నుంచి ఆ దీవిలో దిగారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. వాళ్లు ఓడ దిగి మెట్లెక్కిన రేవుని అప్పట్లో కూలీ ఘాట్ అనేవారు, ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఇక ఆ "గాడు" సంగతి. గుమాస్తా పేరడిగాడు, కుర్రాడు ఊళ్లో తనని ఎలా పిలుస్తారో అదే చెప్పాడు. డబ్బున్నవాడైతే "గారు", లేనివాడైతే "గాడు", మన దగ్గర ఈ తేడా ఒక్క అక్షరానిదే. అది రిజిస్టర్లోకి ఎక్కింది, మనవల నాటికి ఇంటిపేరైంది. ఆ దీవిలో గాడుతో ముగిసే ఇంటిపేర్లు ఇంకా ఉన్నాయి. ఈవిడ తండ్రి హెడ్మాస్టరట. బడి బల్ల మీద ఆయన పేరు ముందు "మిస్టర్", వెనక "గాడు". ఆ మాటకి అర్థం ఏమిటని ఆవిడ కారులో నన్నడిగారు. "వాడు, ఆ కుర్రాడు, అన్నట్టు" అని మెల్లిగా దాటవేశాను. ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

అంతకు రెండ్రోజుల ముందు ఆవిడ కోరంగి చూసొచ్చారు. మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగివాళ్లంటారు. చిన్నప్పటి నుంచీ అదే విన్న ఆవిడ, కోరంగే తమ సొంతూరని నమ్మి ముందు కాకినాడ టికెట్టు కొనుక్కున్నారు. తీరా వెళ్తే మడ అడవి, మధ్యలో చెక్కవంతెన, సెల్ఫీలు. ఒకప్పుడు అది ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను దాన్ని ఊడ్చిపెట్టింది, తర్వాత మళ్లీ పూర్తిగా లేవలేదు. పేరు మాత్రం ఓడెక్కి పోయింది. బర్మాలోనూ మనవాళ్లని అదే పేరుతో పిలిచేవారు. మనం రైల్లో ఎవరినైనా "ఎక్కడెక్కారు?" అని అడిగి, జవాబుగా వచ్చిన స్టేషను పేరునే అతనికి జీవితాంతం అంటగట్టినట్టు.

అయితే ఆ కాగితంలో నాకు పనికొచ్చింది జిల్లా గడి కాదు. అప్పటి విజగపటం జిల్లా ఇప్పుడు ముక్కలు ముక్కలు. 1936లో కొరాపుట్ ఒడిశాకి పోయింది, 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. పనికొచ్చింది పేరే. పైడి అంటే పైడితల్లమ్మ. సిరిమాను తిరిగే చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికో పైడిరాజు, పైడమ్మ. తండ్రి అప్పిగాడంటే సింహాద్రి అప్పన్న కావచ్చు. గుమాస్తాకి తెలియకుండానే ఇద్దరు దేవుళ్లు చిరునామా రాశారు.

కొత్తవలసతోనే వచ్చింది చిక్కు. అరకు రైలు మలుపు తిరిగే కొత్తవలస అందరికీ తెలుసు. అది కాక మా వైపు చిన్నా చితకా కొత్తవలసలు ఇంకా ఉన్నాయి. రావివలస, పాలవలస, ఎటు చూసినా వలసే. ఎక్కడి నుంచో ఎవరో మూటాముల్లె సర్దుకొచ్చి పాక వేసుకుంటే అది వలస, మరో నాలుగు కుటుంబాలు పక్కన దిగితే కొత్తవలస. ఈ మాట అర్థం చెప్పాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా ముత్తాత ముత్తాత ఇక్కడికీ వచ్చినవాడేనన్నమాట" అన్నారు.

మూడో కొత్తవలసలో ఉండగా ఈ ముసలమ్మ. కాగితం చదివి వినిపించాను. "పైడిగాడంటే ఏ పైడిగాడు బాబూ? పొట్టి పైడిగాడా, చెరువు కింద పైడిగాడా?" నిన్నో మొన్నో వెళ్లినవాడి గురించి అడిగినట్టే అడిగింది. నూట యాభై ఏళ్ల కిందటి మాటని చెప్పాను. "మా మావగారి తమ్ముడూ అలాగే ఎల్లిపోనాడు, రంగం" అంది. రంగం అంటే రంగూన్. ఆవిడ లెక్కలో సముద్రం అవతలంతా రంగమే. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, తాగేదాకా మారిషస్ ఆవిడ గడ్డం పట్టుకుని చూసింది. పోలికలు వెతికిందేమో. ఏమీ చెప్పలేదు.

తిరుగు దారిలో నేనూ చెప్పాను, మా ఇంట్లోనూ ఒక రంగం ఉందని. మా తాతయ్య తమ్ముడు. రంగూన్ బియ్యం మిల్లులో పనికని భీమిలిలో ఓడెక్కాడు. ఆ రోజుల్లో అది విదేశం కాదు, 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, ఏ రేవులోనైనా టికెట్టు కొని ఎక్కేయడమే. 1931 జనాభా లెక్కల్లో అక్కడ భారతీయులు పది లక్షలు దాటారు. మేస్త్రీ ఖాతాలో వేలిముద్ర తప్ప, మనిషికొక రిజిస్టరు ఎవరు పెడతారు? 1942లో జపాను వాళ్లొచ్చినప్పుడు లక్షల మంది కొండలూ అడవులూ నడిచి వచ్చారు. మా చిన్నతాత రాలేదు. మా చిన్నబామ్మ బొట్టు చెరపలేదు, చివరిదాకా. ఇంటిపేరుంది, గోత్రముంది, ఏ రోడ్డు పక్కన పోయాడో తెలియదు. మారిషస్ ఆవిడ ఒళ్లోని కాగితం చూస్తే నాకు కొంచెం అసూయ కలిగింది. బానిసలాంటి బతుకుకి అంత చక్కటి చేతిరాత! స్వేచ్ఛగా టికెట్టు కొనుక్కున్నవాడికి ఒక్క గీతా లేదు.

ఈ కాగితాల వల్ల భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఏడో తరం దాకా ఇస్తారని మన రాష్ట్రపతి మారిషస్‌లోనే ప్రకటించారని డ్రైవరు కుర్రాడు ఫోన్లో చదివాడు. ఆవిడ "అది 2024లో" అని చెప్పి, నవ్వి, ఫైల్లోంచి తెల్లకాగితం తీశారు.

"మీ తాతగారి తమ్ముడి పేరు?"

చెప్పాను. తండ్రి పేరూ చెప్పాను. కులం, ఊరు. వయసు ఇరవై నాలుగో ఐదో.

"గుర్తులు?"

లేవనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నబామ్మ వేలితో తన కనుబొమ్మ మీద గీసి చూపించేది. ఎడమ వైపు. చిన్నప్పుడు బిళ్లంగోడు ఆడుతుంటే తగిలిన దెబ్బ.

ఆవిడ రాసుకున్నారు. ఎత్తు దగ్గర కలం ఆపి నా వైపు చూశారు, తర్వాత ఆ గడి ఖాళీగా వదిలి కాగితాన్ని పైడిగాడి కవర్లోనే పెట్టారు.