గిన్నె కోళ్లకు ఇల్లు అలవాటు చేయడం

అబ్బా సింగరేణిలో రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, రామకృష్ణాపూర్‌లోనే సొంత ఇంటికి మారాం. పెరడు పెద్దది. వెనక అంతా తుమ్మచెట్లు, పొదలు. అమ్మీకి పాముల ఖౌఫ్. గిన్నె కోళ్లుంటే పాము దరిదాపుల్లోకి రాదని ఎవరో చెప్పారు. ఆ మాటలో సగమే సచ్. పాము కనబడితే గుంపుగా చుట్టుముట్టి గోల చేస్తాయి, చిన్నదైతే పొడిచి చంపుతాయి కూడా. అసలు రాకుండా ఆపడం వాటి వల్ల కాదు. మనల్ని ఖబర్దార్ చేస్తాయి, అదే చాలన్నారు అబ్బా. సంత నుంచి ఆరింటిని తెచ్చారు.

గిన్నె కోడి అసలు వతన్ ఆఫ్రికా. మన చేతి దానా తిన్నా దాని మిజాజ్ అడవిదే. తెచ్చిన రోజే వదిలేస్తే పాత చోటు వెతుక్కుంటూ పోతుంది, లేదా దొరికిన చెట్టెక్కి పడుకుంటుంది. దాని లెక్కలో ఇల్లంటే రాత్రి పడుకునే చోటు. ఆ చోటు దిల్లో కూర్చోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు లోపలే ఉంచాలి.

"అన్ని రోజులు ఖైదా? గునాహ్ కాదా?" అంది అమ్మీ.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వదలక చంపిన ఔరత్ గురించిన హదీస్ మనందరం విన్నదే. అబ్బా దాన్నే గుర్తు చేసి, "ఆకలితో ఉంచితే గునాహ్. హిఫాజత్ కోసం ఉంచి కడుపు నింపితే కాదు" అన్నారు. అన్నాక ఆ జిమ్మేదారీ ఆయనదే అయింది. పెరడంతా కనబడేలా ముందువైపు జాలీ, ఎత్తులో కూర్చోడానికి కర్రలు, తడి లేని నేల, పొద్దున నూకలు, ఆకుకూర. సజ్జలు మాత్రం మగ్రిబ్‌కు ముందే, డబ్బా గలగలలాడించి వేసేవారు. ఆ చప్పుడుకు అలవాటు పడితే రేపు బయటి నుంచి పిలవొచ్చు.

అసలు పరేషానీ కోళ్లతో కాదు, వాటి గొంతుతో. గాలికి కవరు ఎగిరినా అరుపే. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయితే ఆరూ ఒకేసారి అందుకునేవి. పక్కింటాయనకు ఆ వారం నైట్ షిఫ్ట్. రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా డ్యూటీ, పగలే నిద్ర. "అక్కా, పగలు కన్ను మూతపడకపోతే రాత్రి బాయిల ఎట్ల దిగాలె?" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఇంకా షరమ్ అనిపించింది. బొగ్గుబాయిలో నిద్రమత్తు అంటే ఏమిటో అబ్బాకు తెలుసు. పడోసీ హక్ ముందు కోళ్లెంత! సాయంత్రానికల్లా గూడును అవతలి గోడ వైపుకు మార్చి, వీధి కనబడకుండా గోనెసంచులు కట్టారు. అయినా అరవకపోతే వాటి సంచి మళ్లీ సంతకే అని మాట ఇచ్చి వచ్చారు... అరుపు తగ్గకపోతే అని ఆయన ఉద్దేశం! రెండు వారాలకు బ్లాస్టింగ్‌ను అవి పట్టించుకోవడం మానేశాయి. పక్కింటాయన నిద్ర బాగుందన్నాకే అబ్బా ఊపిరి పీల్చుకున్నారు.

ఆరో వారం ఒక్కదాన్నే వదిలారు, అసర్ నమాజ్ అయ్యాక, ఖాళీ కడుపుతో. మిగతావి లోపలే ఉంటే అది ఎటూ పోదు, జాలీ చుట్టే తిరుగుతుంది. మర్నాడు రెండు, తర్వాత మూడు. అన్నీ బయటికొచ్చిన రోజు ఒకటి వేపచెట్టెక్కి కూర్చుంది. చీకటి పడ్డాక వీటికి చూపు ఆనదు, ఎంత పిలిచినా దిగవు. అబ్బా కింద కుర్చీ వేసుకుని, టార్చ్ ఒళ్లో పెట్టుకుని ఫజర్ అజాన్ దాకా కూర్చున్నారు. అమ్మీ రెండుసార్లు చాయ్ ఇచ్చింది. రిటైరయ్యాక ఆయన అంత ఖుషీగా రాత్రి మేలుకోవడం అదే మొదలు. తెల్లారి అది తనే దిగి గూటి ముందుకు వచ్చింది.

ఇప్పుడు డబ్బా చప్పుడైతే చాలు, ఆరూ పరుగు. నాలుగు ఆడవి, రెండు ముక్కల కూత కూస్తాయి, మగవాటికి అది రాదు. గుడ్లు పొదల్లో దాస్తున్నాయి. దొరికితే నాటుకోడి కింద పొదిగించాలి, 26 నుంచి 28 రోజులు. తల్లికే వదిలితే పిల్లల్ని తడిగడ్డిలో తిప్పి చంపేస్తుంది. అమ్మీ పొద్దున్నే కర్ర పట్టుకుని, పాముల ఖౌఫ్ పక్కనపెట్టి, తుమ్మల్లో వెతుకుతోంది.