టైరు పుట్టిన వారము

మీ ఊరిలో ఎవరికైనను పాత కారు ఉన్నదా? మా పేటలో తెల్లని అంబాసిడరు ఒకటి ఉన్నది. పెండ్లికైనను, కాన్పు నొప్పులకైనను, పట్టణములో కూటములకైనను మేమందరము దానిలోనే పోవుదుము. ఆ కార్లు తయారగుట 2014లోనే నిలిచిపోయినది గనుక యజమాని దానిని కంటికి రెప్పవలె కాచుకొనుచున్నాడు. మొన్న అతడు టైరు మీద చేయి వేసి, "చూడన్నా, గ్రిప్పు ఎంత ఉందో! బండి ఎక్కువ తిరగదు కదా, ఇంకో పదేళ్లు దిగుల్లేదు" అనెను. నేను వంగి టైరు ప్రక్కనున్న అంకెలు వెదకితిని. కోడిగ్రుడ్డు ఆకారపు గడిలో 2210 అని ఉన్నది.

దీని భావమేమి? మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండును సంవత్సరము. ఆ టైరు 2010లో 22వ వారమున పుట్టెనన్నమాట. మూడంకెలే ఉన్నయెడల అది 2000 సంవత్సరమునకు ముందటిది. దానిని గూర్చి ఆలోచింప పనిలేదు, తీసివేయుడి. బయట అంకెలు కనబడనిచో టార్చి పట్టుకొని లోపలివైపు చూడుడి.

రబ్బరు అరుగుట ఒకటి, ముసలిదగుట వేరొకటి. గాలిలోని ప్రాణవాయువు మెల్లమెల్లగా రబ్బరులోనికి చొచ్చి దానిని బిరుసు చేయును. వేడి ఆ పనిని త్వరపరచును. మన ఎండల సంగతి మీకు చెప్పవలెనా? అందుకే తయారుచేయువారు రబ్బరులో మైనమును, కొన్ని మందులను కలుపుదురు. టైరు తిరుగుచు వంగుచున్నప్పుడు అవి పైకి వచ్చి పొరవలె కాపాడును. షెడ్డులో కదలక నిలిచిన టైరుకు ఆ కాపుదల తక్కువ. కనుక "ఎక్కువ తిరగదు" అనుట ఇక్కడ ధైర్యము చెప్పు మాట కాదు. ప్రక్కలను సన్నని నెర్రెలు కనబడవచ్చును. ఒక్కొక్కప్పుడు పైకి ఏమియు కనబడకయే లోపలి పొరలు విడిపోవుచుండును.

2012 సెప్టెంబరులో ఇంగ్లండులో ఒక సంగీతోత్సవము నుండి యువజనులను తీసికొనివచ్చుచున్న బస్సు ముందు టైరు పగిలి, బస్సు చెట్టుకు కొట్టుకొనెను. డ్రైవరుతో కూడ ముగ్గురు చనిపోయిరి. వారిలో ఒక పిల్లవాని వయస్సు 18 ఏండ్లు. ఆ టైరు వయస్సు 19 ఏండ్లు. గీతల లోతు మాత్రము చట్టప్రకారము సరిగానే ఉండెను! ఆ పిల్లవాని తల్లి ఊరకుండలేదు. ఏండ్ల తరబడి అధికారులను అడుగుచునే యుండెను. 2021 ఫిబ్రవరి 1 నుండి అక్కడ లారీల, బస్సుల ముందు చక్రములకు పదేండ్లు దాటిన టైరు వేయరాదు. ఆ చట్టము కార్లకు వర్తింపదు. కారు గలవాడు తానే చూచుకొనవలెను.

అయిదేండ్లు దాటిన టైరును ఏటేట తెలిసినవానికి చూపించుమనియు, పదేండ్లకు చూపునకు ఎంత బాగున్నను మార్చుమనియు పేరుగల కంపెనీలు చెప్పుచున్నవి. నాలుగు టైర్ల వెల తక్కువేమి కాదు, నేనెరుగుదును. డబ్బు కూడువరకు ఆ బండిలో దూరప్రయాణము, మండుటెండలో వేగము మానుడి. నల్లరంగు పూసి నిగనిగలాడించిన పాత టైరు చవకగా దొరికినదని కొనకుడి; ముందు అంకెలు చదువుడి.

చక్రము మాట కూడ ఒకటి. చక్రమునకును హబ్బునకును నడుమ తుప్పు, మట్టి ఉన్నయెడల నట్లు బిగించినట్లే ఉండి తరువాత వదులగును. తుడిచి, ఎదురెదురు నట్లను కొంచెము కొంచెముగా బిగించి, ఏబది, నూరు కిలోమీటర్లు పోయినపిమ్మట మరల బిగింపు చూడవలెను. చాలమంది ఈ రెండవసారి చూడరు.

డిక్కీలోని స్టెప్నీని మరువకుడి. నాలుగు టైర్లు మార్చినవారు సహితము దానిని అట్లే ఉంచుదురు. నడిరాత్రి దారిలో అక్కరపడునది అదే. దాని అంకెలు పగటివేళ ఇంటివద్దనే చదువుడి.