పెద్దమ్మ ప్లేయర్‌లో ఆడాలి

కోఠి గుజరాతీ గల్లీలో పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణం ఉంది, చూసి రాయమని సంపాదకులు పంపారు. క్యాసెట్ల పని నేను సరిగ్గా చూడనే లేదు. నా కళ్లు పక్క బల్ల మీదే ఉండిపోయాయి. అక్కడ పని ఎదురుదారిలో సాగుతోంది. మొన్న మొన్న తీసిన వీడియోను ఏనాటిదో డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా మారుస్తున్నారు.

స్టూలు మీద ఒక పెద్దమ్మ, పక్కన మనవడు. మనవరాలి పెళ్లి వీడియోను స్టూడియోవాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఇంట్లో ప్లేయర్‌కు పెట్టి చూస్తే బొమ్మే రాలేదు. కొత్త టీవీ కొనమని ఇంటిల్లిపాదీ చెబుతున్నారట. "నా టీవీ మంచిగనే నడుస్తున్నది గద బిడ్డా, దాన్నెందుకు పారెయ్యాలె?" అన్నది. న్యాయం ఆమె వైపే ఉంది.

యజమాని ముందుగా ప్లేయర్ ఫొటో అడిగాడు. మనవడి ఫోన్‌లో దాన్ని పెద్దది చేసి, ముందు భాగంలోని గుర్తులు ఒక్కొక్కటే చూశాడు. డివ్‌ఎక్స్ గుర్తు ఉంటే ఎక్స్‌విడ్ ఏవీఐగా మార్చి పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వొచ్చు. ఆ గుర్తు లేదు. "డిస్కే చెయ్యాలె పెద్దమ్మా" అన్నాడు.

వచ్చిన ఫైలు ఫోర్‌కే, హెచ్.265. ఆ హెచ్.265 కుదింపు పద్ధతి 2013లో వచ్చింది. ఈ ప్లేయర్ తయారైన నాటికి అది పుట్టనే లేదు. డీవీడీకి ఎంపెగ్-2 కావాలి. మన పాల్ టీవీలకైతే 720 × 576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. ఫోర్‌కే బొమ్మలోని ఇరవై చుక్కలకు ఒక్కటి మిగులుతుందన్నమాట. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పాల్ డీవీడీ కావాలని చెబితే కొలతలన్నీ అదే సర్దేస్తుంది. చాలామంది అక్కడితో సరిపెట్టుకుంటారు.

ఇతను అక్కడ మొదలుపెడతాడు. చుట్టాలు ఫోన్లలో తీసిన ముక్కల్లో ఫ్రేముల వేగం ఒక్కతీరుగా ఉండదు. అలాగే మారిస్తే పెదవులు ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. అందుకే వాటిని ముందే 25కి కట్టేశాడు. తర్వాత బల్ల మీది డబ్బా టీవీలో వేసి చూశాడు. వధూవరుల పేర్లు తెర అడుగున ఉన్నాయి. పిక్చర్ ట్యూబ్ టీవీ అంచులను మింగేస్తుంది కాబట్టి వత్తులన్నీ చట్రం కిందికి పోయాయి. పైగా సన్నని అక్షరాల అడ్డగీతలు వణుకుతున్నాయి. పేర్లను లావు అక్షరాల్లో మళ్లీ టైపు చేసి, పైకి జరిపి, మళ్లీ టీవీలో చూశాడు. వత్తు కనిపించేదాకా వదల్లేదు. ఆ పట్టుదలకు దండం పెట్టాలనిపించింది.

నాలుగు గంటల వీడియోను 4.7 జీబీ డిస్కు ఒక్కదానిలో కుక్కితే మనుషుల ముఖాలు గళ్లుగళ్లుగా పగులుతాయి. రెండు గంటలకొకటి చొప్పున రెండు డిస్కులు రాశాడు, అదీ తక్కువ వేగంతో. పైన కాగితం అంటించలేదు. బరువు ఒకవైపు ఒరిగితే పాత మోటారు తడబడుతుందట. మార్కర్‌తో "1 పెళ్లి", "2 అప్పగింతలు" అని రాసి ఇచ్చాడు.

పాత టేపును కొత్త ఫైలుగా మారిస్తే వారసత్వాన్ని కాపాడారని మెచ్చుకుంటాం. కొత్త ఫైలును పాత యంత్రానికి అందించేవాణ్ణి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ పెళ్లిని అందరికన్నా ఎక్కువసార్లు చూసేది ఈ పెద్దమ్మే. ఆమె వేళ్లకు ఆ రిమోట్ మీటలు చూడకుండానే తెలుసు. ఆమె ఇంట్లో ఏముందో స్టూడియోవాళ్లు ఒక్కమాట అడగలేదు. పెళ్లికి అంత డబ్బు తీసుకున్నవాళ్లు ఆ రెండు డిస్కులూ వాళ్లే ఇవ్వాల్సింది. ఈ దుకాణంలో పని నేర్చుకునే కుర్రాడు కూడా లేడు. ఇతను మానేస్తే ఇలాంటి పెద్దమ్మలు ఎక్కడికి పోవాలి?

డబ్బులిచ్చి లేస్తుంటే యజమాని పెన్‌డ్రైవ్‌ను మనవడి చేతిలో పెట్టాడు. "దీంట్ల ఉన్నది చెరిపెయ్యకు తమ్మీ. డిస్కుకు గీతలు పడితే దీన్నే పట్టుకరా, మళ్ల చేసిస్త."