ఫోటోలో పడని నొప్పి

మానవుడు చంద్రుని మీద కాలు మోపి అర్ధ శతాబ్దం దాటింది. కాని తన రెండు చెవుల నడుమ ఉన్న కిలోన్నరకు కాస్త తక్కువైన ముద్ద సంగతి మాత్రం అతనికి ఇంకా పూర్తిగా అంతుబట్టలేదు. సైన్సు విద్యార్థులం గనుక ఏదైనా కంటికి కనిపిస్తేనే నమ్ముతామంటాం. మంచిదే. అయితే కంటికి కనిపించనిదంతా లేనట్టేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురు కాలేదు, మా ఇంట్లోనే ఎదురైంది.

మాది దంతాలపల్లి. వరి, పత్తి, మిర్చి తప్ప మరో లోకం తెలియని కుటుంబం. మా పెద్దబాపు బిడ్డ నాకంటె నాలుగేండ్లు పెద్ద. పొద్దున ప్రాణంతో సమానమైన స్నేహితురాలు సాయంత్రానికల్లా ఆమెకు పగదైపోయేది. ఎవరైనా ఒక పూట పలకరించకపోతే తనను శాశ్వతంగా వదిలేశారని కుమిలిపోయేది. కోపం వస్తే ఆపుకోలేదు, అది చల్లారాక తన మీద తనకే అసహ్యం. ఒక్కోసారి తనను తానే గాయపరుచుకునేది. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు తాయెత్తు కట్టించమన్నారు. పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నవాళ్ళూ లేకపోలేదు.

చివరికి వరంగల్లులో ఒక మానసిక వైద్యుడు దీన్ని 'బోర్డర్ లైన్ పర్సనాలిటీ డిజార్డర్' అంటారని చెప్పాడు. పెద్దబాపుకు నమ్మకం కుదరలేదు. మిర్చి అమ్మిన పైసలతో పట్టుబట్టి మెదడుకు స్కానింగు తీయించాడు. రిపోర్టు 'నార్మల్' అని వచ్చింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. "మెదడుల ఏం లేదంటున్నరు గదా! ఇగ గిదంత నాటకమే" అన్నారు. ఆ మాట అన్నది పగవాళ్ళు కారు, ఆమెను ఎత్తుకొని పెంచినవాళ్ళే.

ఈ రుగ్మతకు 'సరిహద్దు' అన్న పేరు 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే వైద్యుని రచన నుంచి వచ్చింది. ఆనాటి రెండు రకాల మనోవ్యాధుల నడుమ, గట్టు మీద నిలబడ్డట్టున్న రోగులకు ఆయన వాడిన మాట అది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన అధికారిక పట్టికలో దీన్ని చేర్చింది. అంటే ఈ జబ్బు మా ఊళ్ళో పుట్టిన మొండితనం కాదన్నమాట.

మరి మెదడులో ఏమీ లేదా? ఉన్నది. మన మెదడు లోపల బాదం గింజ ఆకారంలో 'అమిగ్డల' అనే భాగం ఉంది. భయాన్ని, ప్రమాదాన్ని పసిగట్టే కావలివాడు అది. దాని పక్కనే జ్ఞాపకాలకు నెలవైన 'హిప్పోకాంపస్'. జర్మనీలో డ్రీసెన్ బృందం ఈ రుగ్మత గల 21 మంది స్త్రీలను ఆరోగ్యవంతులతో పోల్చి చూసి, 2000లో ఫలితాలు ప్రకటించింది. రోగులలో హిప్పోకాంపస్ సుమారు 16 శాతం, అమిగ్డల 8 శాతం సగటున చిన్నవిగా ఉన్నాయి. 2003లో అమెరికాలో డోనెగన్ బృందం మనుషుల ముఖాల ఫోటోలు చూపి పరీక్షిస్తే, ఈ రోగులలో అమిగ్డల ఇతరులకంటె ఎక్కువగా స్పందించింది. కావలివాడు చీమ చిటుక్కుమన్నా కేకలు వేస్తుంటే, నుదుటి వెనుక ఉండి అతన్ని సముదాయించవలసిన పెద్దమనిషి గొంతు పెగలడం లేదన్నమాట.

అలాంటప్పుడు అక్క స్కాను నార్మల్ ఎందుకొచ్చింది? రైతుబిడ్డకు ఇది తేలికగానే అర్థమవుతుంది. రెండు మళ్ళ వడ్లు తూచితే ఒక మడి గింజ సగటున సన్నమని తేలవచ్చు. కాని ఒక్క గింజను చేతిలో పెట్టి ఇది ఏ మడిదో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? పై లెక్కలన్నీ గుంపుల సగటులే. పైగా హిప్పోకాంపస్ కుంచించుకుపోవడం దీర్ఘకాల కుంగుబాటులోనూ, ఘోరమైన అనుభవాల పాలైనవారిలోనూ కనిపిస్తుంది. కణితి వంటివి లేవని తేల్చుకోవడానికి స్కాను పనికొస్తుంది గాని, ఈ రుగ్మతను పట్టివ్వదు. రోగి చెప్పింది ఓపికగా వినడమే ఇక్కడ అసలు పరీక్ష.

ఇక రెండో పొరపాటు దీనికి సరిగ్గా ఎదురుది. "మెదడే అట్లుంటే ఇగ మారుతదా?" అని చేతులెత్తేయడం. మెదడు రాతి విగ్రహం కాదు. లండన్ టాక్సీ డ్రైవర్లు వేలాది వీధుల దారులు నేర్చుకునే క్రమంలో వారి హిప్పోకాంపస్ వెనుక భాగం పెరిగిందని మగ్వైర్ పరిశోధనలు చూపాయి. ఈ రుగ్మతకు ప్రత్యేకించి మాటలతో చేసే చికిత్సను రూపొందించిన మార్షా లైన్‌హన్, తాను కూడా యవ్వనంలో మానసిక ఆసుపత్రిలో గడిపిన మనిషినేనని 2011లో లోకానికి చెప్పింది. మేరీ జనరీని బృందం 290 మంది రోగులను పదేండ్లు వెన్నంటి చూసి, 93 శాతం మందిలో కనీసం రెండేండ్ల పాటు లక్షణాలు అణగిపోయాయని 2010లో ప్రకటించింది. చదువు, ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా కోలుకున్నవారు మాత్రం సగం మందే. అంటే జబ్బు తగ్గినా బతుకు నిలదొక్కుకోవడానికి చుట్టూ ఉన్నవారి చేయూత కావాలి.

లైన్‌హన్ సిద్ధాంతం కూడా ఇదే. పుట్టుకతో వచ్చిన సున్నితత్వం విత్తనమైతే, నీ బాధ బాధే కాదని కొట్టిపారేసే పరిసరం నేల. రెండూ కలిస్తేనే ఈ పంట. విత్తనాన్ని మార్చలేం, నేలను మార్చడం మన చేతిలోని పని. అక్క ఇప్పుడు క్రమంగా చికిత్సకు వెళుతున్నది. పూర్తిగా నయమైందని చెప్పను. "నొప్పి ఉన్నదని మీరు నమ్మిన నాటి నుంచి తట్టుకునుడు అలవాటైతున్నది తమ్మీ" అని ఆమే చెప్పింది.

మిత్రులారా! మన తరగతిలోనూ, హాస్టల్లోనూ ఇటువంటి వారు ఉండవచ్చు. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 2022లో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. 'నాటకం' అన్న మాట నోటి దాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగుదాం. ఫోటోలో పడలేదని నొప్పిని కాదనడం ఏ సైన్సూ మనకు నేర్పలేదు.