వంత మోసేవాళ్లు

తెలుగులో 'వంత పాడడం' అంటే చిన్నచూపు. సొంత మాట లేనివాణ్ణి, ఎదుటివాడు తానా అంటే తందానా అనేవాణ్ణి అలా అంటాం. ఒక రాత్రి బుర్రకథ ముందు కూర్చుంటే ఈ మాటలో ఎంత అన్యాయం ఉందో తెలుస్తుంది. తంబురా భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథకుడు నడుమ ఆడుతుంటాడు. చెరోపక్కా గుమ్మెటలు వాయించే ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఊపిరి పీల్చుకునే జాగాలో కథను కింద పడనివ్వనిది వాళ్లే. వాళ్లు అడగాల్సిన చోట అడిగితేనే ఆయన చెప్పాల్సింది చెప్పగలడు. ఉత్తరాంధ్ర జముకుల కథలోనూ జముకు మోతకు బలం వంతగొంతే. ఒక మేళం ముఖ్యమైన మనిషిని పోగొట్టుకున్నప్పుడు, ఆ చోటికి ఎవరొస్తారని అందరూ అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని నా నమ్మకం: వంతలో ఉన్నవాళ్లకు కథ మొత్తం వచ్చా?

ఈ ప్రశ్నతో పడమటి రాక్ బ్యాండ్ల చరిత్ర చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. 1980 ఫిబ్రవరి 19న ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. అయిదు నెలలకే, జులై 25న, కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' వచ్చింది. సంతాప సూచకంగా నల్లటి అట్ట, మొదటి పాట మొదట్లో గంట మోత. ఆ బ్యాండ్ జీవితంలోకెల్లా పెద్ద విజయం అదే. జాన్సన్ గొప్ప గాయకుడు కాబట్టి నిలబడిందనడం సగం మాటే. పాటకు వెన్నెముకైన గిటార్ వరసలు కట్టే యంగ్ సోదరులు, మాల్కమ్, ఆంగస్, అక్కడే ఉన్నారు. మాల్కమ్ ఎప్పుడూ వెనక నిలబడి లయ వాయించేవాడు, అసలైన వంతగాడు. 2014లో ఆయన తప్పుకున్నప్పుడు ఆ జాగాలోకి అన్నకొడుకు స్టీవీ వచ్చాడు. 1980 మే నెలలో గాయకుడు ఇయాన్ కర్టిస్ పోయాక జాయ్ డివిజన్‌లో మిగిలినవాళ్లు బయటి గాయకుణ్ణి వెతుక్కోలేదు. గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నరే పాట అందుకున్నాడు. వంతగాడు కథకుడయ్యాడు, దానికి తగ్గట్టు పేరు న్యూ ఆర్డర్‌గా మారింది, కొన్నేళ్లలో పాట తీరే మారిపోయింది. కర్ట్ కోబేన్ మరణం తర్వాత నిర్వాణాలో డ్రమ్స్ వాయించిన డేవ్ గ్రోల్‌దీ ఇదే దారి. 1995లో ఫూ ఫైటర్స్ పేరుతో ముందుకొచ్చి నిలబడ్డాడు.

మరి లెడ్ జెపెలిన్ సంగతేమిటని అడగవచ్చు. అక్కడ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఉన్నాడు, పాటలు కట్టే జిమ్మీ పేజ్ ఉన్నాడు. పోయింది డ్రమ్మర్ జాన్ బోనమ్. అయినా 1980 సెప్టెంబరులో ఆయన పోతే డిసెంబరు కల్లా మిగతా ముగ్గురూ ఇక చాలన్నారు. వంతగాళ్లు మిగిలితే మేళం బతుకుతుందన్న నా మాట ఇక్కడ బోల్తాపడినట్టే కనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే దాన్ని గట్టిపరుస్తుంది. బోనమ్ దెబ్బ మీదే ఆ పాటల నడక నిలిచింది, వెనక కూర్చున్న మనిషే కథను మోశాడు. 2007 డిసెంబరులో లండన్‌లో ఒక్క రాత్రికి ఆయన కొడుకు జేసన్ డ్రమ్స్ వాయించాడు. జనం పోటెత్తారు, అయినా బ్యాండ్ తిరిగి బతకలేదు. క్వీన్‌ది మరో రకం నష్టం. 1991లో ఫ్రెడీ మెర్క్యురీ పోయినా, మిగిలినవాళ్లలో ఇద్దరు ఇంకో గాయకుడితో నిండు సభల్లో పాడుతూ వచ్చారు. కానీ ఆ సభల్లో వినిపించేవి దాదాపు అన్నీ పాత పాటలే. మేళం బతికింది, కొత్త కథ ఆగింది. నా దృష్టిలో అది సంస్మరణ.

విశాఖ ఓడరేవు నగరానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండి, జముకుల కథను శ్రీకాకుళ రైతాంగ పోరాటానికి మలిచిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో కాల్పుల్లో చనిపోయాడు. నలభై రోజులకే, 1970 ఫిబ్రవరిలో, విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల్లో విద్యార్థులు కరపత్రం పంచి, మీరెటువైపని రచయితలను నిలదీశారు. జులైలో విప్లవ రచయితల సంఘం, విరసం, పుట్టింది. ఆ పోరాటపు నీడలోనే పాట కట్టడానికి కూర్చున్నవాడు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి మనిషి, హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. యంత్రం ఎవరి కండబలంతో నడుస్తోందో చెప్పే పాటను కట్టినవాడికి యంత్రం చేతికి తెలుసు. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలిని నిలబెట్టాడు. ఆయన పాటల కట్టుబడి చూడండి: అప్పటికే పల్లె నోట ఉన్న బాణీ, ఒకరు అంటే పదిమంది అందుకునే పల్లవి, వినేవాడిని వెంటనే వంతలోకి లాగే పిలుపు. షిప్‌యార్డులో అరిగిన భాగం తీసి అదే కొలతతో ఇంకొకటి బిగిస్తారు. పాటలో అలా బిగించడం కుదరదని ఆయనకు తెలిసే ఉండాలి. అందుకే తన పాటలను ఎవరి గొంతుకైనా సరిపోయే కొలతలో కట్టాడని నాకనిపిస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఆ గజ్జె, ఆ చిందు, కళింగాంధ్ర యాసలో ఆ విరుపు ఇంకొకరికి వస్తాయా అని. రావు. 2020 ఆగస్టు 4న ఆయనతోనే పోయాయి. 2023 ఆగస్టు 6న గద్దర్ కూడా పోయాక ఆ జోడీ వేదిక ఖాళీ అయింది. జననాట్యమండలి చెదరడానికి అసలు కారణం మరణాలు కాదనీ నిర్బంధమనీ మరో మాట. అదీ నిజమే, ఆ దళం కథను ఏ ఒక్క మనిషి చావుతోనో ముడిపెట్టడం చరిత్రకు అన్యాయం. కానీ నా వాదం పాట పాడే తీరు గురించి కాదు, పాట పుట్టే తీరు గురించి. వంగపండు పాత పాటలు ఇవాళ ఎవరు పాడినా పలుకుతాయి. సంస్మరణ సభల్లో వాటినే పాడుకుంటూ ఉండిపోతే మాత్రం మనదీ క్వీన్ దారే అవుతుంది. ఆయన పోయి ఆరు నెలలైనా కాకముందే, 2021 జనవరి 27న, విశాఖ ఉక్కు కర్మాగారంలో నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు కూర్మన్నపాలెంలో దీక్షకు కూర్చున్నారు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదం మార్మోగిన ఊరిలో, ఫర్నేసు వేడినీ వాటాల లెక్కనీ ఉత్తరాంధ్ర యాసలో చెప్పే పాట కావలసిన రోజులవి. ఆ యాసా, ఆ బాణీలూ, అందుకోవలసిన పల్లవి ఎక్కడ మొదలవుతుందన్న ఎరుకా, ఇన్నాళ్లూ ఆయన వెనక వంత పాడినవాళ్ల దగ్గరే ఉన్నాయి.